డిసెంబరు 4 తర్వాత డిసెంబరు 9 కూడా ఉంది

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాళ్లకు డిసెంబరు 4 పండగ రోజుతో సమానం. నేవీ డే విన్యాసాలు చూడడానికి మధ్యాహ్నం నుంచే ఆర్కే బీచ్‌కు జనం చేరుకునేవారు. పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, గొడుగులు వేసుకుని ఇసుకలో చాపలు పరుచుకున్న ముసలివాళ్లు, ఆకాశంలో హెలికాప్టర్లు, చీకటి పడ్డాక ఒళ్లంతా దీపాలు తొడుక్కుని వరసగా నిలబడే యుద్ధనౌకలు, ఇవన్నీ నా చిన్నప్పటి నుంచీ చూసినవే. ఆ రోజు మా ఇంట్లో తప్పకుండా వినిపించే కథ ఒకటుంది. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన 1971లో మా అమ్మకు పదిహేనేళ్లు. వన్‌టౌన్‌లో వాళ్ల ఇంటి కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించి, లాంతరు వత్తి తగ్గించి పడుకున్న ఆ రాత్రి, అర్ధరాత్రి దాటిన కాసేపటికి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చిందని, కిటికీలు అదిరాయని, అల్మరాలోంచి సత్తు గిన్నె ఒకటి దొర్లి కింద పడితే మా అమ్మమ్మ దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడి తెల్లారేదాకా అక్కడే వదిలేసిందని అమ్మ చెబుతుంది. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు బయట పేలిపోయిన చప్పుడు. దాని గుర్తుగానే బీచ్ రోడ్డు మీద ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం నిలబడి ఉంది.

ఆ తర్వాత సరిగ్గా అయిదు రోజులకు, దేశానికి అవతలి ఒడ్డున, అరేబియా సముద్రంలో మన ఓడ ఒకటి పాకిస్తాన్ జలాంతర్గామి చేతిలో మునిగిపోయింది. ఆ ఓడ పేరు ఐఎన్ఎస్ ఖుక్రీ. అందులో 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది చనిపోయారు. స్వతంత్ర భారత నౌకాదళం యుద్ధంలో పోగొట్టుకున్న యుద్ధనౌక అదొక్కటే. ఘాజీ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పగల మా ఊరి పిల్లల్లో ఖుక్రీ పేరు విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లకు తెలిసింది కూడా చాలావరకు ఒక్క దృశ్యమే: మునుగుతున్న ఓడ మీద, తన లైఫ్‌జాకెట్ మరొకరికి ఇచ్చేసి, బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపించే పై గదిలో, కుర్చీలో కూర్చున్న కెప్టెన్. ఆ దృశ్యం నిజం, ఆ మనిషి త్యాగం నిజం, ఆయనకు దక్కిన మహావీర చక్రం ఆయనకు న్యాయంగా దక్కినదే. అయినా ఆ ఒక్క దృశ్యంతో ఖుక్రీ కథ ముగిసిపోవడం తప్పని నేను చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. ఎందుకనుకుంటున్నానో ఇక్కడ వివరంగా రాయాలనిపించింది.

ముందు ఆ ఓడ ఎలాంటిదో చెప్పాలి. ఖుక్రీ, కృపాణ్, కుఠార్ అనే మూడు ఫ్రిగేట్లను, అంటే కాపలా యుద్ధనౌకలను, మనం 1950ల చివర్లో బ్రిటన్ నుంచి తెచ్చుకున్నాం. ఖుక్రీని ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని కౌస్ అనే పట్టణంలో కట్టారు. 1956లో నీళ్లలోకి దించారు, 1958లో నౌకాదళంలో చేరింది. వాణిజ్య నౌకల గుంపులకు కాపలాగా వెళ్లడం, వాటి చుట్టూ తిరుగుతూ జలాంతర్గాముల జాడ కనిపెట్టి తరమడం ఈ రకం ఓడల పని. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల వల్ల తిన్న దెబ్బలు మరిచిపోని బ్రిటన్, తక్కువ ఖర్చులో ఎక్కువ ఓడలు కట్టుకోవాలనే ఆలోచనతో ఈ తరగతిని తయారుచేసింది. అందుకే ఇవి చిన్నవి, తేలికైనవి. ఒకే ఒక ప్రొపెల్లర్ ఉన్నవి. జలాంతర్గాముల మీదికి బాంబులు విసిరే ‘లింబో’ అనే రెండు మోర్టార్లు, మూడు చిన్న ఫిరంగులు మాత్రమే మోసేవి. వాటి చెవి మాత్రం నీళ్లలో ఉంటుంది. ఆ చెవి పేరు సోనార్, నీళ్లలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వినే పరికరం. కాపలా ఓడ బతుకంతా ఆ చెవి ఎంత దూరం వినగలదనే దాని మీద ఆధారపడి ఉంటుంది.

అవతల ఉన్నది హంగోర్. ఫ్రాన్సులో కట్టిన డాఫ్నే తరగతి జలాంతర్గామి, 1969 చివర్లో పాకిస్తాన్ నౌకాదళంలో చేరింది, అంటే అప్పటికి దాని వయసు రెండేళ్లే. కమాండర్ అహ్మద్ తస్నీం దానికి నాయకుడు. యుద్ధం మొదలవడానికి ముందే అది బొంబాయి ఎదుట నీళ్లలోకి వచ్చి మాటు వేసింది. మన పశ్చిమ నౌకాదళం రేవు నుంచి బయటికి వెళ్తున్నప్పుడు దాని మీదుగానే వెళ్లింది, అప్పటికి కాల్పులకు ఉత్తర్వులు లేక అది ఊరుకుంది. తర్వాత లోపల చల్లదనం యంత్రాలు పాడై, వాటిని బాగుచేసుకుంటూ, తమ ప్రధాన కార్యాలయానికి రేడియో సందేశాలు పంపింది. ఆ సందేశాలను మనవాళ్లు పసిగట్టారు. గుజరాత్ తీరాన ఉన్న దియూకు నైరుతి దిక్కున ఒక జలాంతర్గామి తిరుగుతోందని తేలింది. దాన్ని వెతికి ముంచమని 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్‌ను పంపారు. వెళ్లినవి రెండే ఓడలు: ముందు ఖుక్రీ, తోడుగా కృపాణ్. స్క్వాడ్రన్ కమాండర్, ఖుక్రీ కెప్టెన్ ఇద్దరూ ఒకరే, గోరఖ్‌పూర్‌లో పుట్టిన మహేంద్రనాథ్ ముల్లా, వయసు 45.

ఇక్కడ నీటి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే వేటాడడానికి వెళ్లిన ఓడే వేటకు ఎందుకు దొరికిందో అది తెలియకుండా అర్థం కాదు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఎండాకాలం మధ్యాహ్నం చెరువులో దిగితే మెడ దాకా నీళ్లు గోరువెచ్చగా ఉండేవి, కాళ్లు కిందికి జాపితే మడమలకు ఒక్కసారిగా చల్లదనం తగిలేది. ఒకే చెరువులో రెండు చెరువులున్నట్టు ఉండేది. సముద్రంలోనూ అంతే, ఇంకా పెద్ద ఎత్తున. పైన ఎండకు కాగిన పొర, కింద చల్లని పొర. ఆ రెండూ కలిసే చోట శబ్దం నేరుగా పోకుండా వంగిపోతుంది. ఓడ అడుగున బిగించిన సోనార్ నుంచి బయలుదేరిన శబ్దం ఆ హద్దు దగ్గర పక్కకు వంగి, కింద దాక్కున్న జలాంతర్గామిని తాకకుండానే పోతుంది. అదే సమయంలో కింద ఉన్న జలాంతర్గామి తనకు అనువైన లోతు ఎంచుకుని, పైనున్న ఓడ యంత్రాల చప్పుడును ఎంతో దూరం నుంచి వినగలదు. ఉష్ణమండల సముద్రాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. చల్లని ఉత్తర అట్లాంటిక్ కోసం తయారైన చెవిని మనం వెచ్చని అరేబియా సముద్రంలో పెట్టుకున్నాం. ఖుక్రీ సోనార్ జలాంతర్గామి ఉనికిని కనిపెట్టగల దూరం కంటే, హంగోర్ ఖుక్రీ ఉనికిని కనిపెట్టగల దూరం ఎన్నో రెట్లు ఎక్కువ. చీకటి గదిలో ఇద్దరు కత్తులు పట్టుకుని తిరుగుతుంటే, ఒకడి చేతిలో మాత్రమే లాంతరు ఉన్నట్టు.

ఈ లోటు నౌకాదళానికి తెలియనిది కాదు. తెలుసు కాబట్టే ఆ ప్రయాణంలో ఖుక్రీ మీద ఒక యువ ఎలక్ట్రికల్ అధికారి ఉన్నాడు. సోనార్ వినికిడి దూరాన్ని పెంచడానికి ఒక పరికరం రూపొందించి, దాన్ని నిజమైన వేటలో పరీక్షించి చూడడానికి వచ్చినవాడు. మంచి పరికరమే అయి ఉండవచ్చు. కానీ దానితో మేలు కలగాలంటే ఓడ నెమ్మదిగా నడవాలి. వేగం పెరిగితే ఓడ చుట్టూ పారే నీటి రొదే సోనార్‌ను ముంచేస్తుంది. అందువల్ల ఖుక్రీ గంటకు 12 నాటికల్ మైళ్ల వేగంతో, అంటే సుమారు 22 కిలోమీటర్లతో నడుస్తోంది. గంటకు 25 నాటికల్ మైళ్లకు పైగా పరుగెత్తగల ఓడ అది. జలాంతర్గామి ఉందని ముందే తెలిసిన నీళ్లలో, ఒక పద్ధతి ప్రకారం గీసుకున్న దారిలో, అంత నెమ్మదిగా నడవడం ప్రమాదమని నావికా శిక్షణ తీసుకున్న ఎవరికైనా తెలుసు. నెమ్మదిగా నడిచే ఓడ బాగా వినగలదు. నెమ్మదిగా నడిచే ఓడను కొట్టడం కూడా తేలిక. ఆ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలనేది ఆ రోజు ఎదురైన అసలు ప్రశ్న. ఈ సంగతులు శత్రువు చెప్పినవి కావు, ఎవరో పుట్టించిన పుకార్లు కావు. మన నౌకాదళం తన చరిత్రను తానే రాయించుకున్నప్పుడు అందులో చోటు చేసుకున్నవి.

డిసెంబరు 9 తెల్లవారుజామునే హంగోర్ ఈ రెండు ఓడల చప్పుడు విన్నది. పగలంతా వాటిని అనుసరించింది, మధ్యలో జారవిడుచుకుంది, మళ్లీ పట్టుకుంది. అవి ఏ దారిలో తిరుగుతున్నాయో అర్థం చేసుకున్న తర్వాత వెంటపడడం మానేసి, సాయంత్రానికి వాటి దారిలోనే ముందుకు వెళ్లి లోతులో కాచుకుంది. రాత్రి ఎనిమిది దాటాక మొదటి టార్పెడోను, అంటే నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధాన్ని, కృపాణ్ మీదికి వదిలింది. అది పేలకుండా పోయింది. రెండోది ఖుక్రీ మీదికి వదిలింది. 8 గంటల 50 నిమిషాల ప్రాంతంలో, దియూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో, అది ఖుక్రీ అడుగున పేలింది. దీపాలు ఆరిపోయాయి. ఓడ ఒక పక్కకు ఒరిగిపోయింది. కొద్ది నిమిషాల్లో నీళ్ల కిందికి వెళ్లిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత ప్రపంచంలో ఒక జలాంతర్గామి ముంచిన మొదటి యుద్ధనౌక అది.

ఆ కొద్ది నిమిషాల్లో కెప్టెన్ ముల్లా ఏం చేశాడో బతికి బయటపడినవాళ్లు చెప్పారు. ఓడ వదిలి వెళ్లమని ఆజ్ఞ ఇచ్చాడు. బ్రిడ్జి మీద తన పక్కనున్న యువ అధికారులను వెళ్లమంటే వాళ్లు కదలకపోతే, చేత్తో తోసి మరీ నీళ్లలోకి పంపాడు. తాను రానన్నాడు. దూరంగా ఈదుతూ వెనక్కి తిరిగి చూసినవాళ్లకు ఆయన ఓడతో పాటే కిందికి వెళ్లడం కనిపించింది. ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. కెప్టెన్ ఓడతో పాటు పోవాలని ఏ నిబంధనా లేదు, అది ఆయన తన మనసులో తానే పెట్టుకున్న నిబంధన. కింద తన మనుషులు చిక్కుకుని ఉండగా తాను నీళ్లలోకి దూకడం ఆయనకు సాధ్యం కాలేదు.

అయితే, ఆయన ఎవరి కోసం ఆగాడో వాళ్ల గురించి మనం మాట్లాడం. నా బాధ అదే. తపాలా బిళ్ల మీద ఆయన ముఖం ఉంది, ఉండాల్సిందే. మరి బాయిలర్ గదిలో ఉన్నవాళ్లు, ఇంజను గదిలో డ్యూటీలో ఉన్నవాళ్లు, భోజనం చేసి మెస్‌లో కూర్చున్నవాళ్లు, పాత్రలు కడుగుతున్న వంటవాళ్లు, సోనార్ ముందు చెవులు రిక్కించి కూర్చున్న కుర్రాడు? పైకి రావాలంటే వాళ్లకు ఉన్నవి నిలువు నిచ్చెనలు, ఒక్కో మనిషి మాత్రమే పట్టే మూత దారులు. దీపాలు లేవు. ఒరిగిపోయిన ఓడలో నిచ్చెన నిచ్చెనగా ఉండదు, పక్కగోడ అయిపోతుంది.

ఇది నాకు కాగితం మీద చదివినప్పుడు అర్థం కాలేదు, కుర్సురాలో అర్థమైంది. ఆర్కే బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి మ్యూజియంలోకి మా ఊరివాళ్లందరం ఏదో ఒక రోజు వెళ్లినవాళ్లమే. 91 మీటర్ల పొడవున్న గొట్టం లాంటి ఆ ఓడలో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల, తర్వాత నడుం పెట్టి దూరాలి. నేను నా మేనల్లుణ్ణి తీసుకుని వెళ్లినప్పుడు, ఒకప్పుడు నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన మాకు అన్నీ చూపిస్తున్నాడు. ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, పక్కనే పడక. టార్పెడో పక్కన మనిషి పడుకునే చోటు. పిల్లాడు ఊరికే ఉండకుండా, “నీళ్లొచ్చేస్తే ఈ తలుపు ఏం చేస్తారు తాతగారూ?” అని అడిగాడు. ఆయన ఇనప తలుపు అంచు మీద అరచెయ్యి ఆనించి, “మూసేస్తాం నాయనా. మూసేయమని ఆర్డరొస్తే, అవతల మనవాడున్నా సరే మూసేయాలి” అన్నాడు. తర్వాత చెయ్యి అక్కణ్ణుంచి తీయకుండా కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు. ఆ ఇనుము మీద పచ్చ రంగు ఆయన చెయ్యి ఆనే మేర అరిగిపోయి ఉంది. ఎంతమందికి ఆ తలుపు దగ్గర ఆయన అదే మాట చెప్పి ఉంటాడో.

కృపాణ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఖుక్రీ సంగతి ఎత్తితే చాలామంది కోపం అటే తిరుగుతుంది. ఖుక్రీ మునిగిన తర్వాత కృపాణ్ అక్కడ ఆగి నీళ్లలో ఉన్నవాళ్లను ఎక్కించుకోకుండా ఎందుకు వెళ్లిపోయిందని అడుగుతారు. కృపాణ్ మీద ఉన్న జలాంతర్గామి వ్యతిరేక మోర్టార్ ఆ సమయానికి పాడైంది. హంగోర్ మూడో టార్పెడోను దాని మీదికే వదిలింది. అలాంటి చోట ఇంజన్లు ఆపి మనుషులను ఎక్కించుకోవడం ఎంత ప్రమాదమో 1914 సెప్టెంబరు 22న ఉత్తర సముద్రంలో లోకానికి తెలిసింది. ఆ రోజు ఒక జర్మన్ జలాంతర్గామి బ్రిటిష్ క్రూయిజర్ ఒకదాన్ని కొడితే, అందులోవాళ్లను కాపాడడానికి ఆగిన రెండో క్రూయిజర్‌నూ, ఆ తర్వాత మూడోదాన్నీ అదే కొట్టింది. గంటన్నరలో మూడు ఓడలు, 1,400 మందికి పైగా మనుషులు పోయారు. కృపాణ్ ఆగి ఉంటే ఆ రాత్రి మనం రెండు ఓడలను పోగొట్టుకునేవాళ్లమని నేను నమ్ముతాను. మర్నాడు పొద్దున అది ఐఎన్ఎస్ కచ్చల్ తోడుగా తిరిగి వచ్చింది. రాత్రంతా నీళ్లలో తేలుతూ గడిపిన 67 మంది బతికి దొరికారు. వాళ్లను చీకట్లో వదిలి వెళ్లాల్సి వచ్చిన మనుషుల బాధ కూడా తక్కువదని నేను అనుకోను. ఆ నిర్ణయం తీసుకున్న ఓడ మీద కోపం తెచ్చుకోవడం సులువు. ఆ రెండు ఓడలను ఆ స్థితిలో అక్కడికి పంపిన తీరును పరిశీలించడం కష్టం. మనం సులువైనదాన్నే ఎంచుకున్నాం.

ఆ తీరు గురించి నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. పదమూడేళ్ల పాత ఫ్రిగేట్లను, తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువ దూరం వినగల కొత్త జలాంతర్గామి మీదికి, పైనుంచి వెతికే విమానాలు, హెలికాప్టర్ల గట్టి తోడు లేకుండా పంపకుండా ఉండాల్సింది. నీళ్లలోకి సోనార్ దించి వెతికే సీకింగ్ హెలికాప్టర్లు మనకు అదే ఏడాది వచ్చాయి. ఖుక్రీ మునిగిన తర్వాత హంగోర్ కోసం ఓడలు, విమానాలు రోజుల తరబడి ఆ సముద్రాన్ని జల్లెడ పట్టాయి; ఆ గాలింపుకు వెళ్లిన అలిజే విమానం ఒకటి డిసెంబరు 10న తిరిగి రాలేదు; హంగోర్ మాత్రం తప్పించుకుని కరాచీ చేరింది. ముందు పెట్టాల్సిన బలం వెనక పెట్టినట్టయింది. ఇక కొత్త పరికరాన్ని పరీక్షించడం కోసం వేగం తగ్గించడం, అదీ శత్రువు చెవి పెట్టుకుని కూర్చున్న నీళ్లలో, యుద్ధం మధ్యలో, నాకు ఏ విధంగానూ సమర్థించదగ్గదిగా కనిపించదు. పరీక్షలకు చోటు శాంతికాలపు సముద్రం.

దీనికి నాకు తరచుగా ఎదురయ్యే జవాబులున్నాయి. ఫలితం తెలిశాక తప్పులు ఎంచడం ఎవరికైనా చేతనవుతుందని ఒకటి. ఇది నేను గౌరవించే అభ్యంతరం. ఆ రోజు బొంబాయిలో బల్ల ముందు కూర్చున్నవాళ్ల దగ్గర మిగిలిన ఓడలు తక్కువ, కాపాడాల్సిన తీరం ఎక్కువ. కరాచీ మీద క్షిపణి దాడులు చేసి వస్తున్న పడవల దారిలో జలాంతర్గామి ఉందంటే చూస్తూ ఊరుకోలేరు. ఎవరినో ఒకరిని పంపక తప్పని స్థితి అది, దాన్ని కాదనను. కానీ సోనార్ దూరాల మధ్య ఉన్న తేడా ఫలితం తర్వాత తెలిసినది కాదు, ముందే తెలిసినది. తెలియబట్టే కదా ఆ పరికరం పుట్టింది. రెండో జవాబు, అమరులైనవాళ్ల విషయంలో ప్రశ్నలు వేయడం వాళ్లను కించపరచడమే అని. ఈ మాట నన్ను నొప్పిస్తుంది. ప్రశ్న అమరుల మీద కాదు, వాళ్ల ప్రాణాలకు పూచీ పడాల్సిన ఏర్పాట్ల మీద. బొగ్గుగనిలో పైకప్పు కూలి పనివాళ్లు చనిపోతే ఆ కప్పుకు దన్ను ఎందుకు లేదని అడుగుతాం, అలా అడగడం చనిపోయినవాళ్ల కష్టానికి విలువ ఇవ్వడమే అనుకుంటాం. సింగరేణిలో తండ్రులను పోగొట్టుకున్న ఇళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఓడ విషయానికి వచ్చేసరికి మాత్రం జెండా ముందు నిలబడి మౌనం పాటిస్తే సరిపోతుందనుకుంటున్నాం.

మా ఊరివాళ్లకు ఇంకొక మాట. ఘాజీ కథను మనం ఎలా చెప్పుకుంటామో ఒకసారి గుర్తు చేసుకోండి. అది 1944లో అమెరికాలో నీళ్లలోకి దిగిన పాత జలాంతర్గామి అని, బంగాళాఖాతం దాకా రాగల సత్తా పాకిస్తాన్ దగ్గర దానికొక్కదానికే ఉందని, పాతదైనా దాన్నే అంత దూరం పంపారని, మన విమానవాహక నౌక విక్రాంత్ విశాఖలోనే ఉందని మనం నమ్మించిన తప్పుడు కబురును నమ్మి వచ్చి పోయిందని చెబుతాం. అందులోని తొంభై మందికి పైగా మనుషులు తమ పైవాళ్ల తప్పులకు బలయ్యారని కూడా కొందరు జాలిగా అంటారు. ఇదంతా సరైన పరిశీలనే. శత్రువు ఓడ విషయంలో మనకు ఇంత నిదానంగా, ఇంత నిష్కర్షగా ఆలోచించడం చేతనైనప్పుడు, పాత ఓడ, సరిపోని పరికరం, పైనుంచి వచ్చిన ఆదేశం అనే అవే మాటలు మన ఖుక్రీ దగ్గరికి వచ్చేసరికి నోరు దాటి రాకపోవడానికి కారణం నాకు కనిపించదు. ఆ రెండు ఓడల్లోనూ లోపల చీకట్లో నీళ్లు నిండుతుంటే చేతులతో గోడలు తడుముకున్నవాళ్లు ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే.

నౌకాదళం ఆ దెబ్బ నుంచి నేర్చుకుందనడానికి రుజువులు మా ఊళ్లోనే ఉన్నాయి, అది చెప్పకపోతే అన్యాయం. టార్పెడోల మీద పరిశోధన చేసే ఎన్ఎస్‌టీఎల్ ప్రయోగశాల విశాఖలో ఉంది. వరుణాస్త్ర టార్పెడో అక్కడే రూపుదిద్దుకుంది. జలాంతర్గాములను వేటాడడానికే కట్టిన కమోర్తా, కద్మత్, కిల్తాన్, కవరత్తి ఓడలు 2014 నుంచి 2020 మధ్య ఒక్కొక్కటిగా విశాఖలోనే నౌకాదళంలో చేరాయి. 2025 జూన్‌లో, తీరానికి దగ్గరి లోతు తక్కువ నీళ్లలో జలాంతర్గాములను వెతకడానికి కట్టిన అర్నాలా కూడా ఇక్కడి డాక్‌యార్డులోనే చేరింది. మన నీళ్ల తీరు తెలిసిన సోనార్లను ఇప్పుడు మనమే తయారుచేసుకుంటున్నాం. లోపం ఎక్కడుందో ఒప్పుకున్నచోటే ఇలాంటి పనులు జరుగుతాయి. ఇంజనీర్లు తమ గదుల్లో ఒప్పుకున్నదాన్ని మనం బహిరంగ వేదికల మీద, బడి పుస్తకాల్లో, నేవీ డే ప్రసంగాల్లో ఒప్పుకోలేకపోతున్నాం.

ఖుక్రీ పేరు పెట్టుకున్న రెండో ఓడ ఒకటుంది. ముంబైలోని మజగావ్ డాక్‌లో కట్టిన క్షిపణి కార్వెట్, అంటే చిన్న యుద్ధనౌక, అది. 1989లో చేరి, 32 ఏళ్లు పనిచేసి, 2021 డిసెంబరు 23న సూర్యాస్తమయ వేళ విశాఖపట్నంలోనే జెండా దించుకుని సెలవు తీసుకుంది. మరుసటి నెలలో దాన్ని మ్యూజియంగా నిలపడానికి దియూకు అప్పగించారు. దియూలో సముద్రానికి ఎదురుగా ఉన్న గుట్ట మీద పాత ఖుక్రీ స్మారకం ఉంది, అద్దాల గదిలో ఆ ఓడ నమూనా ఉంది. అంటే రెండో ఖుక్రీ మా రేవు నుంచి బయలుదేరి మొదటి ఖుక్రీ దగ్గరికి వెళ్లిందన్నమాట. ఆ కబురు పేపర్లో చదివినప్పుడే, డిసెంబరు 9ని ఇక ఊరికే పోనివ్వకూడదని అమ్మా నేనూ అనుకున్నాం.

పోయిన డిసెంబరు 9న రాత్రి ఇద్దరం బీచ్ రోడ్డుకు వెళ్లాం. నేవీ డే విన్యాసాల రోజున కాలు పెట్టడానికి చోటు ఉండని ఇసుక మీద పట్టుమని పదిమంది లేరు. విక్టరీ ఎట్ సీ ఎదురుగా పిట్టగోడ మీద కూర్చున్నాం. నేను ఆ రాత్రి సంగతంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ముల్లా గురించి కూడా చెప్పాను. అమ్మ విని, “ఆయన పేరు నాకు తెలుసు కదరా. మిగతావాళ్లవి చదువు” అంది. ఫోన్లో జాబితా తీసి, టైం 8 గంటల 50 నిమిషాలు అవుతుండగా మొదలుపెట్టాను. పేరు, హోదా, మళ్లీ పేరు, హోదా. స్టోకర్లు, టెలిగ్రాఫిస్టులు, వంటవాళ్లు, స్టీవార్డులు. కొన్ని పేర్లు పలకడం రాక తడబడితే అమ్మ ఆపి మళ్లీ చదివించింది. మధ్యలో బఠాణీల బండి అతను పెట్రోమాక్స్ ఆర్పుకుని వెళ్లిపోయాడు. చివరి పేరు చదివేసరికి తొమ్మిది దాటింది.